డబుల్ కనబడితే ముందు దాని ఒంటిని వెతకండి

పోయిన కార్తీకంలో మా పిన్ని కొడుకు కుటుంబంతో అన్నవరం వెళ్తూ, ఫోన్లో “డబుల్ బెడ్‌రూమ్ కావాలండీ” అని చెప్పి ఒక లాడ్జిలో ఖాయం చేసుకున్నాడు. తీరా వెళ్తే ఒక్కటే గది, అందులో ఇద్దరు పడుకునే మంచం. వీళ్లేమో ఆరుగురు. వాడు అడిగింది రెండు పడకగదులు. అవతల విన్నది డబుల్ బెడ్ వేసి ఉన్న రూమ్. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ‘డబుల్’ అనే మాట వాడి నోట్లో రూమ్‌తో కలిసింది, వాళ్ల చెవిలో బెడ్‌తో కలిసింది, అంతే.

రాజమండ్రిలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్లు అనువాదాలు చేశాను, దిద్దాను. ఇప్పుడు ఇంటి నుంచే సైన్సు పాఠాలు, ఫోన్ యాప్‌లలో కనబడే మాటలు తెలుగులోకి తెస్తున్నాను. ఇన్నేళ్లలో నా కలాన్ని ఎక్కువసార్లు ఆపిన ఇంగ్లిషు మాట ఏదంటే ఈ డబులే. కష్టమైన శాస్త్ర పదం వస్తే ఎవరైనా నిఘంటువు తీస్తారు. డబుల్ దగ్గర ఎవరూ ఆగరు. అందరికీ తెలిసిన మాటే కదా అని చేతికందిన ‘రెట్టింపు’ పెట్టేసి ముందుకు పోతారు. ఆటల పేజీలో ఒకలా, సైన్సు పాఠంలో ఇంకోలా, కంప్యూటర్లో మరోలా అర్థం ఇచ్చే ఈ మాటను ఎలా పట్టుకోవాలో నేను చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. అనువాదం చేయనివాళ్లకు కూడా, పేపరు చదివేటప్పుడూ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడూ పనికొస్తుంది.

విగ్రహవాక్యం చెప్పుకోండి

బడిలో ద్విగు సమాసం చదువుకున్నాం. సంఖ్య ముందుండే సమాసం. ‘నవరసాలు’ అంటే విగ్రహవాక్యం ‘తొమ్మిదైన రసాలు’ అని తెలుగు మాస్టారు చెప్పించేవారు. ఆ అలవాటే ఇక్కడ పనిముట్టు. డబుల్ అనే మాట ఉన్న పదబంధం ఏది కనబడినా, ముందు దాన్ని విడదీసి పైకి చెప్పండి. ‘రెండైన బెడ్‌రూములు’ ఒక విగ్రహం, ‘ఇద్దరి మంచం గల గది’ ఇంకొక విగ్రహం. పైకి చెప్పగానే తేడా మీ చెవికే తెలుస్తుంది. మన సినిమా వాళ్ల ‘డబుల్ యాక్షన్’ తీసుకోండి. అక్కడ నటన రెట్టింపు కాలేదు, నటులు ఇద్దరు కాలేదు. ఒకే మనిషి రెండు వేషాలు వేశాడు. అందుకే దానికి ‘ద్విపాత్రాభినయం’ అన్న మాట అంత చక్కగా అమరింది. ద్వి అనేది ఎవరికి చెందుతుందో, పాత్రకు చెందుతుందని, ఆ మాట తనలోనే చెప్పేసింది.

తర్వాత ఆ డబుల్‌కి ఒంటి ఏదో వెతకండి. డబుల్ ఊరికే పుట్టదు, దానికంటే ముందు ఒక సింగిల్ ఉంటుంది. సింగిల్స్ ఆట ఉంది కాబట్టి డబుల్స్ వచ్చింది. ఏకబంధం ఉంది కాబట్టి ద్విబంధం వచ్చింది. ఆ ఒంటి దొరికాక, ఒంటి నుంచి డబుల్‌కి వచ్చేసరికి ఏది మారిందో చూడండి. మనుషులు పెరిగారా, కొలత పెరిగిందా, ఒకే పని రెండుసార్లు జరిగిందా, లేక అంకెలు రెండయ్యాయా. ఇది తేలితే తెలుగు మాట దానంతటదే దొరుకుతుంది, ఎందుకంటే ఈ విషయంలో మన భాష ఇంగ్లిషుకన్నా సంపన్నమైనది. కొలతకు రెట్టింపు, మనుషులకు జంట, ఎడ్లకు జోడు, గొలుసుకు రెండు పేటలు, అక్షరానికి ద్విత్వం. ‘ఇబ్బడి ముబ్బడిగా’ అని రోజూ అంటుంటాం. ఇబ్బడి అంటే రెండింతలు, ముబ్బడి అంటే మూడింతలు అని చాలామంది గమనించరు. జమిలి ఎన్నికల పుణ్యమా అని ‘జమిలి’ మళ్లీ నోళ్లలో నానుతోంది. అదీ ఈ ఇంటి బిడ్డే.

ఆటల పేజీలో

మా పుట్టిల్లు అమలాపురం దగ్గర. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి మా ఊరివైపు అబ్బాయి కావడంతో, చిరాగ్ శెట్టితో కలిసి ఆడే ప్రతి మ్యాచ్ మా ఇంట్లో పండగే. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల స్వర్ణం, అదే అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్. ఆ వార్తలు రాసేటప్పుడు డెస్కులో కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు “అక్కా, డబుల్స్ అంటే కోర్టు కూడా డబులే కదా?” అన్నాడు. మంచి ప్రశ్న. ఒంటిని వెతికాం. బ్యాడ్మింటన్ సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌కి 6.10 మీటర్లు. రెండు పక్కలా 46 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది, అంతే. పొడవు 13.40 మీటర్లు రెంటికీ ఒకటే. పైగా డబుల్స్‌లో సర్వీసు పడాల్సిన హద్దు వెనక నుంచి 76 సెంటీమీటర్లు లోపలికి జరుగుతుంది, అంటే సర్వీసుకు పొడవు తగ్గుతుంది. రెట్టింపయింది మనుషుల సంఖ్య ఒక్కటే. అందుకని తెలుగులో ‘జంట’ అనాలి. పురుషుల జంట, మహిళల జంట. మీకు డబుల్స్ అని ఉంచడమే ఇష్టమైతే ఉంచండి, జనానికి తెలుసు. కానీ ‘ద్విగుణ’, ‘ద్వంద్వ’ జోలికి వెళ్లొద్దు. ద్వంద్వం అంటే తెలుగువాడికి కుస్తీ గుర్తొస్తుంది.

టెన్నిస్‌లో డబుల్ ఫాల్ట్ వేరే తరహా. సర్వీసు ఒకసారి తప్పితే ఇంకో అవకాశం ఇస్తారు, రెండోదీ తప్పితే పాయింటు పోతుంది. పోయేది ఒక్క పాయింటే. ఇక్కడ రెండు అన్నది వరస, ‘వరసగా రెండు తప్పులు’. ‘రెట్టింపు తప్పు’ అని రాస్తే పెద్ద నేరమేదో చేసినట్టు ధ్వనిస్తుంది. చదరంగంలో డబుల్ చెక్ ఇంకొక తరహా. రెండు పావులు ఒకే ఎత్తుతో రాజు మీదికి వస్తాయి. వరస కాదు, ఏకకాలం. ఒకదాన్ని కొట్టినా ఇంకొకటి మిగులుతుంది కాబట్టి రాజు కదలక తప్పదు. అదే చదరంగంలో క్యాండిడేట్స్ టోర్నీని డబుల్ రౌండ్‌రాబిన్‌గా ఆడతారు. 8 మంది, ప్రతివాడూ మిగతా ఏడుగురితో రెండేసి సార్లు, మొత్తం 14 రౌండ్లు. ఇక్కడ రెండు అంటే సార్లు.

క్రికెట్‌లో డబుల్ సెంచరీ అందరికీ తెలిసినట్టే ఉంటుంది. కానీ కోల్‌కతాలో 2001లో మన లక్ష్మణ్ కొట్టింది 281, ఉప్పల్‌లో 2023 జనవరిలో శుభ్‌మన్ గిల్ కొట్టింది 208. రెంటినీ డబుల్ సెంచరీ అనే అంటాం. అంటే ఇది లెక్కకు రెట్టింపు కాదు, 200 అనే గడప దాటడం. ‘ద్విశతకం’ అన్నా గడపే. గడప అని తెలిస్తే, ‘281 పరుగుల ద్విశతకం’ అన్న మాటలో తప్పు లేదని మీకే అర్థమవుతుంది.

నేను తప్పు చేసిన చోటు ఒకటి చెప్పాలి. 2016 ఆగస్టు, రియో ఒలింపిక్స్. సింధు రజతంతో మా పేజీలన్నీ నిండిపోయిన రోజులు. బ్రిటన్ పరుగు వీరుడు మో ఫరా 5,000 మీటర్ల పరుగూ గెలిచాడని, ‘డబుల్ డబుల్’ సాధించాడని వార్త వచ్చింది. నేను ‘రెట్టింపుకు రెట్టింపు ఘనత’ అని శీర్షిక పెట్టాను. అచ్చయింది. మర్నాడు ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఫోన్ చేసి, “అమ్మా, రెట్టింపుకు రెట్టింపు అంటే నాలుగింతలు కదా, దేనికి నాలుగింతలు?” అని మర్యాదగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నాకు మేలు చేసింది. ఆ వారమంతా ఆ ఒక్క మాట వెంట తిరిగాను.

పరుగు పందేల్లో డబుల్ అంటే ఒకే పోటీల్లో రెండు పరుగులు గెలవడం. ఉసేన్ బోల్ట్‌కి 100, 200 మీటర్లు. ఫరాకు 5,000, 10,000 మీటర్లు. ఆ రెంటినీ 2012 లండన్‌లో గెలిచాడు, మళ్లీ 2016 రియోలో గెలిచాడు. డబుల్‌ని రెండుసార్లు చేశాడు. ఫిన్లండ్ పరుగు వీరుడు లాస్సే విరెన్ అంతకుముందే 1972, 1976లలో ఈ పని చేశాడు. తెలుగులో చెప్పాలంటే ‘జంట స్వర్ణాలు, వరసగా రెండో ఒలింపిక్స్‌లోనూ’.

బాస్కెట్‌బాల్‌లో డబుల్ డబుల్ అంటే ఇంకేదో. ఒక ఆటగాడు ఒకే మ్యాచ్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు, బ్లాకులు అనే ఐదు లెక్కల్లో ఏ రెండింటిలోనైనా పదికి చేరితే డబుల్ డబుల్. ఒక డబుల్ రెండు లెక్కలని చెప్తుంది, ఇంకో డబుల్ రెండంకెల సంఖ్య అని చెప్తుంది. 9 దాటి 10కి వస్తే ఒంటి అంకె జంట అంకె అవుతుంది, అదే ఇక్కడి ఒంటి. కాబట్టి ‘రెండు విభాగాల్లో రెండంకెలు’.

క్రికెట్‌లోనూ ఈ మాట ఉంది. ఆల్‌రౌండర్ల డబుల్ అంటే టెస్టుల్లో 1,000 పరుగులు, 100 వికెట్లు. కపిల్‌దేవ్ దాన్ని 25 టెస్టుల్లో పూర్తిచేశాడు. ఇంగ్లండ్ కౌంటీ ఆటలో అదే లెక్కను ఒక్క సీజన్‌కి చూసేవారు. 1906లో యార్క్‌షైర్ ఆటగాడు జార్జ్ హర్స్ట్ ఒకే సీజన్‌లో 2,385 పరుగులు చేసి 208 వికెట్లు తీశాడు. 1,000కి 2,000, 100కి 200. మళ్లీ ఎవరివల్లా కాలేదు. నేను ఫరాకు పెట్టిన ‘రెట్టింపు’ అన్న మాట న్యాయంగా హర్స్ట్‌కి చెందాల్సింది.

ఒకే మాట, మూడు ఆటలు. ఒకచోట సార్లు, ఒకచోట అంకెలు, ఒకచోట నిజంగానే రెండింతలు. ఈ మూడింటినీ ఇప్పటికీ నా డైరీ మొదటి పేజీలో రాసి ఉంచుకున్నాను. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు ఇవే చూపిస్తాను.

సైన్సు పాఠంలో

సైన్సులో ముందు చూడాల్సింది, డబుల్ అన్నది లెక్కా పేరా అని. ద్విబంధం పేరు. ఇథిలీన్‌లో రెండు కార్బన్ల మధ్య ద్విబంధం ఉంటుంది, ఈథేన్‌లో ఏకబంధం. పిల్లలు వెంటనే ‘అయితే రెట్టింపు బలం’ అనుకుంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కార్బన్ ఏకబంధాన్ని తెంచడానికి మోల్‌కి సుమారు 347 కిలోజౌళ్లు కావాలి. రెట్టింపు అయితే 694 ఉండాలి, కానీ ద్విబంధానికి సుమారు 614 చాలు. కారణం, రెండో బంధం మొదటిదాని తోబుట్టువే గానీ కవల కాదు. మొదటి బంధం సిగ్మా, అందులో ఎలక్ట్రాన్ మేఘాలు ఎదురెదురుగా కలుస్తాయి. రెండోది పై, పక్కపక్కన తాకుతూ కలుస్తాయి కాబట్టి పట్టు తక్కువ. ‘రెండు బంధాలు’ అనండి, ‘రెట్టింపు బంధం’ అనొద్దు. పాఠ్యపుస్తకాల్లో ద్విబంధం అని పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టారు. పదో తరగతిలోని రసాయన ద్వంద్వ వియోగం కూడా అలాంటిదే. లెడ్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్ కలిస్తే పసుపు పచ్చని అవక్షేపం వస్తుంది కదా, అక్కడ రెండు పదార్థాలూ తమ జతలు మార్చుకుంటాయి. ద్వంద్వం అంటే ఆ ఇచ్చిపుచ్చుకోవడం.

డీఎన్ఏ రెండు పేటల గొలుసు. పాఠాల్లో ‘ద్విసర్పిలం’ అని ఉంటుంది, సరైనదే. కానీ ఐదో తరగతి పాపకు చెప్పాల్సి వచ్చినప్పుడు మా అమ్మ రెండు పేటల గొలుసును మెలిపెట్టి చూపించాను. 1953 ఏప్రిల్ 25న ఈ ఆకారాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల పత్రం అచ్చయింది. దాని వెనక రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రం ఉంది. రెండు పేటలూ ఒకేలా ఉండవు, ఒకదానికొకటి జోడీగా ఉంటాయి. ఒకటి దొరికితే రెండోది రాసేయొచ్చు. జోడు అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కొత్త మందును పరీక్షించే ‘డబుల్ బ్లైండ్’ పద్ధతికి వస్తే, ఒంటిని వెతకగానే చిక్కు విడిపోతుంది. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో రోగికి మాత్రమే తెలియకపోతే సింగిల్. రోగికీ, పరీక్షించే డాక్టరుకూ కూడా తెలియకపోతే డబుల్. ‘ఇరుపక్షాలకూ తెలియకుండా జరిపే పరీక్ష’ అని రాస్తాను. అంధ అన్న మాట తేనక్కర్లేదు.

నాకు ఎంతో ఇష్టమైన డబుల్ ఆకాశంలో ఉంది. మన పెళ్లిళ్లలో అరుంధతిని చూపిస్తారు. ముహూర్తం పగలైనా పురోహితుడు వేలెత్తి ఆ దిక్కు చూపిస్తాడు, వధూవరులు తలూపుతారు. మీరు నిజంగా చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో రాత్రి 8, 9 గంటలకు ఉత్తరంగా తిరిగి నిలబడండి. సప్తర్షి మండలంలో గరిటె కాడ ఉంటుంది కదా, కాడ చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. దాని పక్కనే ఆనుకున్నట్టు చిన్న చుక్క అరుంధతి. వీటికి శాస్త్రంలో మిజార్, ఆల్కార్ అని పేర్లు. మామూలు కళ్లకు రెండు చుక్కలు, కాబట్టి ‘జంట నక్షత్రం’. 1617లో గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి దూరదర్శినిలో చూస్తే వశిష్ఠుడే రెండుగా కనబడ్డాడు. 1889లో ఆ రెండింట్లో ఒకటి మళ్లీ రెండని కాంతి వర్ణపటం చెప్పింది. ఇప్పటి లెక్కలో వశిష్ఠుడి దగ్గర నాలుగు, అరుంధతి దగ్గర రెండు, వెరసి ఆరు నక్షత్రాలు. కాబట్టి నక్షత్రాల్లో డబుల్ అంటే చూసిన కంటికి రెండు. కంటికి దగ్గరగా కనబడే జంట వేరు, ఒకదాని చుట్టూ ఒకటి నిజంగా తిరిగే జంట వేరు. రెండోదాని గురించి రాస్తుంటే ‘పరస్పరం తిరిగే జంట’ అని ఒక ముక్క కలపండి.

ఇక నిజమైన రెట్టింపు. సైన్సులో రెట్టింపు అనాలంటే సున్నా అసలైన సున్నా అయ్యుండాలి. ‘జనవరిలో 20 డిగ్రీలు, ఇప్పుడు 40, ఎండ రెట్టింపయింది’ అని వేసవి వార్తల్లో వస్తుంటుంది. సెల్సియస్ సున్నా అంటే నీరు గడ్డకట్టే చోటు, వేడి లేని చోటు కాదు. వేడి అసలే లేని చోటు నుంచి లెక్కపెట్టే కెల్విన్‌లోకి మారిస్తే 293 నుంచి 313, పెరిగింది ఏడు శాతం కూడా కాదు. 20 డిగ్రీలకు అసలు రెట్టింపు సుమారు 313 డిగ్రీల సెల్సియస్, అక్కడ సీసం కరగడానికి ఇంకో పద్నాలుగు డిగ్రీలే తక్కువ. ‘20 డిగ్రీలు పెరిగింది’ అని రాయండి చాలు. బండి వేగం సంగతి వేరు. గంటకు 40 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్తే వేగం నిజంగానే రెట్టింపు, ఎందుకంటే సున్నా అంటే ఆగి ఉండటమే. కానీ బండిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది, బ్రేకు వేశాక ఆగే దూరమూ దాదాపు అంతే. పిల్లలకు బండి తాళం ఇచ్చేముందు ఈ లెక్క చెప్పండి.

కంప్యూటర్లో

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ‘డబుల్’ అంటే ఒక రకం సంఖ్య. కొత్తవాళ్లు దీన్ని రెండు సంఖ్యలనో, రెండింతల సంఖ్యనో అనుకుంటారు. దీని ఒంటి ‘సింగిల్ ప్రెసిషన్’. దశాంశ సంఖ్యను దాచడానికి ఒంటికి 32 బిట్లు, డబుల్‌కి 64 బిట్లు, కంప్యూటర్లు సంఖ్యల్ని దాచే తీరుకు పెట్టిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం. రెట్టింపయింది చోటు. ఒంటిలో సుమారు 7 అంకెలు నమ్మకంగా ఉంటాయి, డబుల్‌లో 15 నుంచి 16. అంటే చోటు రెట్టింపయితే ఖచ్చితత్వం రెట్టింపు దాటింది. అయినా అది అనంతం కాదు. పైథాన్ అనే ప్రోగ్రాముల భాషలో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది.

దీనివల్ల నాకు జరిగిన నష్టం చెప్తాను. మా వీధి పొదుపు సంఘంలో 28 మంది ఉన్నాం. అందరి ఖాతా నంబర్లు నేనే ఎక్సెల్‌లో ఎక్కించాను. మా బ్యాంకు ఖాతాకు 16 అంకెలు. డబ్బులు పడలేదని ఒక్కొక్కరే వచ్చి అడిగారు. కూర్చుని చూస్తే ప్రతి నంబరు చివర 0 ఉంది. నేను ఏ అంకె కొట్టినా 0 అయిపోయింది. ఎక్సెల్ సంఖ్యల్ని డబుల్‌గా దాస్తుంది, 15 అంకెల తర్వాత వచ్చినవాటిని సున్నాలు చేస్తుంది. ఏ హెచ్చరికా ఇవ్వదు. నష్టం డబ్బులో కాదు గానీ, ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లు వారం రోజులు పని మానుకుని తిరిగారు. అందుకని ఖాతా నంబర్లు, కార్డు నంబర్లు ఎక్కించేముందు ఆ కాలమ్ మొత్తాన్ని ‘టెక్స్ట్’ అని మార్చండి. తర్వాత మారిస్తే లాభం లేదు, పోయిన అంకె తిరిగి రాదు. ఆధార్‌కి 12 అంకెలే కాబట్టి ఈ బెడద లేదు. లెక్క చేయాల్సినవే సంఖ్యలు. ఖాతా నంబరును ఎవరూ కూడరు, తీసేయరు, అది అంకెలతో రాసిన పేరు.

డబుల్ క్లిక్‌లో రెండుకు గడువు ఉంది. విండోస్‌లో మామూలుగా అర సెకనులోపు రెండో నొక్కు పడాలి. మా నాన్నకు నేర్పేటప్పుడు ఈ మాట చెప్పక ఇబ్బంది పెట్టాను. ఆయన నింపాదిగా రెండుసార్లు నొక్కేవారు, ఫైలు తెరుచుకునే బదులు పేరు మార్చమని అడిగేది. ‘టకటకా రెండుసార్లు’ అని చెప్పాక వచ్చింది. కదలిక మెల్లగా ఉండే పెద్దవాళ్లకు మౌస్ సెట్టింగుల్లో ఆ గడువు పెంచి ఇవ్వండి.

కంప్యూటర్లో వేసే ర్యామ్ మెమరీ పలకల మీద డీడీఆర్ అని ఉంటుంది, అందులో మొదటి డీ డబుల్. డీడీఆర్4-3200 కొన్న మా పక్కింటి అబ్బాయి, పరీక్షించే ప్రోగ్రాంలో 1600 అని చూపిస్తోందని కంగారుపడ్డాడు. మెమరీ గడియారం కొట్టేది 1600 మెగాహెర్ట్జే. ఒక్కో కొట్టుకి ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి సమాచారం పంపుతుంది కాబట్టి 3200. వాడికి అందాల్సిందే అందింది.

వార్తల్లో, మందుల చీటీలో

పేపర్లో రోజూ ఎదురయ్యే చిక్కు ఇది. టమాటా కిలో 30 నుంచి 60 అయింది. ‘రెట్టింపయింది’, ‘రెండు రెట్లయింది’, ‘100 శాతం పెరిగింది’, ఈ మూడూ సరే. కానీ ‘రెండు రెట్లు పెరిగింది’ అని రాస్తే కొందరు 60 అనుకుంటారు, కొందరు ఉన్న 30 మీద 60 పెరిగి 90 అయిందనుకుంటారు. నా మటుకు నేను ‘రెట్లు పెరిగింది’ అనే వాక్యాన్ని ఎప్పుడూ వేయను. ‘30 నుంచి 60కి’ అని రెండు అంకెలూ పెడతాను. ‘ముప్పు రెట్టింపు’ అనే ఆరోగ్య వార్తలకు ఇది మరీ అవసరం. 10,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వచ్చినా రెట్టింపే, 100లో 20 మందికి వచ్చేది 40 మందికి వచ్చినా రెట్టింపే. ఒంటి ఎంతో రాయకుండా రెట్టింపు అని రాస్తే పాఠకురాలు రాత్రి నిద్ర పోదు.

మందుల విషయం కూడా చెప్పాలి. కొన్ని మాత్రల పేరు చివర డీఎస్ ఉంటుంది, డబుల్ స్ట్రెంగ్త్. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మామూలు మాత్రలో రెండు మందులు 80, 400 మిల్లీగ్రాముల చొప్పున ఉంటే, డీఎస్‌లో 160, 800 ఉంటాయి. డాక్టరు డీఎస్ ఒకటి చొప్పున రాస్తే, డబుల్ అన్నారు కదా అని మా అత్తయ్య రెండు వేసుకోబోయింది. “అత్తయ్యా, ఆగండి, రెండు మాత్రల మందూ ఇందులోనే ఉంది” అని చెయ్యి పట్టుకున్నాను. ఒంటిలోనే జంట దూరి ఉండే డబుల్ ఇది. అట్ట మీది మిల్లీగ్రాములు చూసి, మందుల షాపులో అడిగి, అప్పుడు వేసుకోమనండి.

ఇంత చూశాకా తెలుగు మాట దొరకకపోతే ‘డబుల్’ అనే ఉంచేసి, పక్కన ఒక్క వాక్యం విడమరిచి రాయండి. ఫరా వార్త ఇవాళ మళ్లీ నా బల్ల మీదికి వస్తే ఇలా రాస్తాను: ‘లండన్‌లో గెలిచిన 5,000, 10,000 మీటర్ల పరుగులను ఫరా రియోలోనూ గెలిచాడు.’ డబుల్ అన్న మాటే ఉండదు.